తీరికకు దారి

తెలుగులో ‘తీరిక’ అనే మాట ‘తీరు’ అనే క్రియనుండి పుట్టింది. అప్పు తీరుతుంది, ఆకలి తీరుతుంది, తగవు తీరుతుంది, మొక్కు తీరుతుంది. ఇవన్నీ తీరిన పిమ్మట మనిషికి మిగిలేది ఏదో దానికి తీరిక అని పేరు. సంస్కృతంలో విరామమంటే ఆగడం, అవకాశమంటే ఖాళీ చోటు. ఆ రెండు మాటలలోను లేని షరతు ఒకటి మన మాటలో ఉన్నది. చేయవలసినది చేసి, ఈయవలసినది ఇచ్చినవానికే తీరిక కలదని భాషే తీర్పు చెప్పినట్లు తోస్తుంది. వ్యుత్పత్తిని పట్టుకొని నీతిని నిర్ణయించడం పండితులకు వినోదమే కాని ప్రమాణం కాదు. అయినప్పటికీ ఈ మాట కొంతకాలంగా నన్ను విడిచిపెట్టడం లేదు. అందుకు కారణం ఒక పడవ ప్రయాణం. ఇంకా చేయని ప్రయాణం, కాగితంమీద మాత్రమే ఉన్న ప్రయాణం.

జంషెడ్‌పూర్ నగరానికి తూర్పు దిక్కున సిద్ధగోరా అనే పేట ఉన్నది. అక్కడి సూర్యమందిరం ఊరంతటికీ తెలిసినదే. సువర్ణరేఖానది అక్కడికి అంత దూరం కాదు. ఈ పేటలోను, నగరంలోని ఇతర పేటలలోను తెలుగు కుటుంబాలు చాలా కలవు. వారిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడనే నిలిచిపోయినవారు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామమందిరం కట్టుకున్నారు. వీధిలో హిందీ, వంటింటిలో ఉత్తరాంధ్రపు యాసతో తెలుగు. అట్టి కుటుంబాల పెద్దలు కొందరు, ఉద్యోగం విరమించినవారు, నేడో రేపో విరమించబోయేవారు, కలిసి గోదావరిమీద పది దినాలు పడవలో నిదానంగా తిరిగి రావాలని తలపెట్టినారు. ఆ సన్నాహంలో నేనుకూడా ఒకడిని.

ఇంటి దగ్గర నది ఉండగా అంత దూరం పోవడమెందుకని ఎవరైనా అడుగవచ్చును. సువర్ణరేఖ పడవలకు అనువైన నది కాదు. రాంచీ సమీపాన పుట్టి, రాళ్ళను ఒరుసుకుంటూ వచ్చి, వేసవిలో మోకాలిలోతుకు దిగిపోయి, వర్షాకాలంలో ఎర్రని వరదై పరుగెత్తుతుంది. దాని ఇసుకను కడిగి బంగారు రేణువులు ఏరుకునేవారు తరతరాలుగా ఉన్నారు. దినమంతా నడుము వంచి నీళ్ళలో నిలుచుంటే దొరికేది నూకగింజంత. పేరులో బంగారమున్నంత మాత్రాన నది ఎవరినీ తీరికగా కూర్చోబెట్టదు గదా! శ్రీకాకుళంవారికి వంశధార, నాగావళి లేవా అనికూడా అడుగవచ్చును. ఉన్నవి. కాని పరాయిచోట మూడు తరాలు గడిపిన తెలుగువానికి ‘మన నది’ అనగానే గోదావరి తలపుకు వస్తుంది. భూగోళ శాస్త్రం దీనిని ఒప్పుకోదు, మనసు ఒప్పుకుంటుంది.

ఇక్కడివారి తీరిక ఎట్టిదో తెలియాలంటే ఈ ఊరి కాలమానం తెలియాలి. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు కంపెనీ, గనులు సమీపంలో ఉన్నవని, సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమం దగ్గర నీటికి కొదువ లేదని సాక్చీ గ్రామాన్ని ఎన్నుకొన్నది. 1912లో మొదటి ఉక్కు దిమ్మె వెలువడింది. ఎనిమిది గంటల పనిదినం ఆ ఏటనే అమలులోకి వచ్చింది. 1920లో జీతంతో కూడిన సెలవు వచ్చింది. ప్రభుత్వ చట్టాలు ఆ మాట అనడానికి ఇంకా చాలా సంవత్సరాలు పట్టింది. అయితే కొలిమికి మాత్రం సెలవు లేదు. ఒకసారి అంటించిన బ్లాస్టు ఫర్నేసును పండుగ వచ్చిందని ఆర్పరు. కనుక మనుష్యులే వంతులు మార్చుకోవాలి: ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. తండ్రి నిద్రలేచే వేళకు కొడుకు నిద్రకు పోయే ఇళ్ళు ఈ ఊరిలో ఎన్నో. ఆదివారమన్నది గోడమీది క్యాలెండరులో ఒక ఎర్రని అంకె. ఎవరి ఆదివారం వారికి వేరేగా ఉంటుంది.

1948 నాటి కర్మాగారాల చట్టం ఇరవై దినాల పనికి ఒక దినం సెలవు అని నిర్ణయించింది. మా తరం ఆ లెక్కలోనే బ్రతికింది. దానినిబట్టి పది దినాల పడవ అంటే రెండువందల దినాల కొలిమి. 2023 జనవరి 13న కాశీలో ప్రారంభమైన ‘గంగావిలాస్’ నౌకను గురించి పాఠకులు విని ఉంటారు. 36మంది ప్రయాణికులకు మాత్రమే చోటున్న ఆ నౌక 51 దినాలలో సుమారు 3,200 కిలోమీటర్లు నడిచి, బంగ్లాదేశ్ మీదుగా అస్సాంలోని దిబ్రూగఢ్ వరకు పోయే ఏర్పాటు. మా వీధిలో చిన్నా పెద్దా అందరూ మావయ్యగారని పిలిచే వృద్ధుడొకరు ఉన్నారు. ముప్పైయైదు సంవత్సరాలు రోలింగు మిల్లులో పనిచేసినవారు. ఆ వార్త విని వేళ్ళమీద లెక్కవేసి, “వెయ్యిన్ని ఇరవై దినాలు, బాబూ” అన్నారు. యాభైయొక్క దినాల పడవకు అంత పని చేయాలన్నమాట. కోపంగా అనలేదు. దూలం బరువు చెప్పినట్లు చెప్పినారు.

ఇట్లు కష్టపడి సంపాదించుకొన్న తీరికను ప్రశ్నించే అధికారం ఎవరికున్నదని అనిపిస్తుంది. యజమానితో లెక్క తీరింది. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు తీరినవి. వెనుకటి అప్పులుకూడా తీరినవి. ఇక నదిమీద వెల్లకిల పడుకొని కొండలను చూస్తే తప్పేమిటి? తప్పు లేదనే నా అభిప్రాయం. శ్రమించినవాని వినోదాన్ని పాపంగా చూచే నీతి, సాధారణంగా ఎన్నడూ శ్రమించనివారు కల్పించినది. కాని యజమానితో లెక్క తీరడం ఒకటి, లోకంతో లెక్క తీరడం మరొకటి. ఈ రెండవ లెక్క ప్రయాణపు కాగితం వ్రాసుకునేటప్పుడే ఎదురైంది.

తీరికను ముందుగా ఏర్పాటు చేసుకొనడంలోనే ఒక విరోధం ఉన్నది. ఏ దినం రైలు, ఏ దినం పడవ, ఏ పూట ఏ రేవు, ఎవరి రక్తపుపోటు మాత్రలు ఎవరి సంచిలో అన్నది రెండు వారాలు చర్చించినాము. కర్మాగారంలో షిఫ్టుల పట్టీకి, మా తీరికల పట్టీకి తేడా లేకుండా పోయింది. అప్పుడు మావయ్యగారి భార్య, మేమంతా పిన్నిగారని పిలిచే ఇల్లాలు, కాఫీ గ్లాసులు పెడుతూ, “మీ తీరిక సరే నాయనా, పడవలో పొయ్యి దగ్గర ఎవరు కూర్చుంటారో అదికూడా ఆ కాగితంలో వ్రాయండి” అన్నారు. వంటమనిషిని కుదుర్చుకుందామని ఒకరన్నారు. ఆ వంటమనిషికి కొండలు కనిపిస్తాయా అని పిన్నిగారు అడిగినారు. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్న క్రొత్తది కాదు. మనవారి యాత్రలలో మొదటినుండి ఉన్నదే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, కాశీ సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. కొలువునుండి సెలవు పుచ్చుకొని చేసిన యాత్ర అది. దాని దినచర్య ‘కాశీయాత్రచరిత్ర’ అనే పేర, వారు గతించిన రెండు సంవత్సరాలకు, 1838లో అచ్చయింది. మజిలీలు, బాటలు, ధరలు, నదుల దాటుడు రేవులు వ్రాసి ఉంచిన ఆ గ్రంథాన్ని చదివితే, ఏర్పాటుకు, ఆశ్చర్యానికి పొత్తు కుదురుతుందని నమ్మకం కలుగుతుంది. కొంతదూరం ఆయన గంగమీద పడవలలో పోయినారు. వెంట సుమారు నూరుమంది పరివారం. ఆయన పల్లకీలో కూర్చుంటే బోయీలు మోసినారు. ఆయనకు యాత్ర, వారికి మోత. ఆ పుణ్యంలో బోయీలకు పాలు ఎంత అన్న లెక్క ఏ ధర్మశాస్త్రంలోనైనా స్పష్టంగా ఉంటే బాగుండేది.

పడవమీది తీరిక అనగానే భారతీయ పాఠకునికి రవీంద్రనాథ ఠాకూరు జ్ఞాపకం రాక తప్పదు. 1890 ప్రాంతాలలో తండ్రి ఆజ్ఞమీద ఎస్టేటు వ్యవహారాలు చూడడానికి షిలాయిదహ పోయి, ‘పద్మ’ అనే ఇంటిపడవలో నెలల తరబడి నివసించినారు. ఆ పడవకు ఖర్చు రైతులు కట్టిన శిస్తులోనిదే. ఇది ఆయన శత్రువులు ఎత్తిచూపిన సంగతి కాదు. జమీందారీ అంటేనే అది. కాని ఆ పడవ మెల్లగా పోయేది. రేవులో నిలిచేది. రేవులో స్త్రీలు నీళ్ళు ముంచుకొనడం, అత్తవారింటికి పోయే పిల్ల ఏడవడం, పోస్టుమాస్టరు దిక్కులు చూస్తూ కూర్చుండడం ఆయన చూచినారు. బంగాళీ కథానిక చాలవరకు ఆ రేవులలో పుట్టింది. తరువాత 1905లో పతిసర్‌లో రైతులకోసం వ్యవసాయపు బ్యాంకు పెట్టినారు. 1913లో వచ్చిన నోబెల్ బహుమతి సొమ్మును అందులో ఉంచినారు. ఎవరి శిస్తుతో తీరికగా కూర్చున్నారో వారిని ఆ తీరికే కంటిముందు నిలిపిందని నేను అనుకుంటాను. పడవకు బదులు గుర్రపుబండిలో వచ్చి, వసూలు చూచుకొని, సాయంకాలానికి కలకత్తా చేరుకొని ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

ఇక గోదావరి. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే ఆ నదిమీద మొదటినుండి చివరివరకు పడవ ఎన్నడూ పోలేదు. పోయేటట్లు చేయాలని పూనుకొన్నవాడు సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించిన ఆ ఇంజనీరు, ఈ దేశానికి రైళ్ళకంటె జలమార్గాలు మేలని జీవితాంతం వాదించినాడు. మధ్యభారతపు ప్రత్తిని గోదావరిమీదుగా సముద్రానికి దించాలని ఆయన ఆశ. దుమ్ముగూడెం దగ్గర, దానికి ఎగువన మరి రెండు చోట్ల నదికి అడ్డం పడిన రాళ్ళ మెట్టలను దాటించడానికి ఆనకట్టలు, లాకులు తలపెట్టినారు. పనులు కొంతవరకు సాగినవి. ఖర్చు పెరిగింది, జ్వరాలు కూలీలను పీడించినవి, రైలు ముందుకు వచ్చింది. 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకొన్నది. రైలు గెలిచింది. రైలుకు పట్టాలు కావాలి, పట్టాలకు ఉక్కు కావాలి. ఆ ఉక్కు చేయడానికే మా తాతలు గోదావరి, వంశధారల నాడు విడిచి సువర్ణరేఖ ఒడ్డుకు వచ్చినారు. పడవ ఓడిపోయిన చోటనుండి వచ్చినవారు పడవకోసం తిరిగి పోవాలనుకొనడంలో ఒక చమత్కారం లేకపోలేదు.

పడవ ఓడిపోయినా పాపికొండల నడుమ మాత్రం ఆగలేదు. విశాలంగా పారే గోదావరి అక్కడ కొండల మధ్య సన్నగా ఇరుకుకొని, లోతుగా, దాదాపు చప్పుడు లేకుండా ప్రవహిస్తుంది. రాజమహేంద్రవరంనుండి లాంచీలు ఎగువకు పోయేవి. పేరంటాలపల్లిలో ఆశ్రమం ముందు ఆగేవి. అక్కడ కొండరెడ్లు వెదురుతో చేసిన పువ్వులు, బుట్టలు అమ్మేవారు. కొల్లూరు ఇసుకతిన్నెమీద వెదురు గుడిసెలలో రాత్రి బస చేయడానికి వీలుండేది. మా కాగితంలో మొదట వ్రాసుకొన్న ప్రయాణం ఇదే. కాగితాన్ని చూచి రాజమహేంద్రవరపు బంధువు ఒకరు టెలిఫోనులో నవ్వినారు. “బావా, నువ్వు రాసింది పాత గోదావరి” అన్నారు.

నిజమే. పోలవరం దగ్గర నదికి అడ్డంగా కట్ట వచ్చింది. 2014 నాటి రాష్ట్ర విభజన చట్టం ఆ ప్రాజెక్టును జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. 2021 జూన్ నెలలో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించినారు. ఇప్పుడు రాజమహేంద్రవరంలో పడవ ఎక్కి నేరుగా కొండలలోకి పోవడమన్నది లేదు. బండిమీద కట్ట దాటి ఎగువన పడవ ఎక్కాలి. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, 960 మెగావాట్ల విద్యుత్తు, లక్షల ఎకరాలకు నీరు. ఈ అంకెలకు ఎదురుగా మరి కొన్ని అంకెలున్నవి: 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు. వారిలో కోయలు, కొండరెడ్లు చాలామంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటినప్పుడు, కొండమీదికి ఎక్కి గుడారాలలో దినాలు గడిపినవారు వీరే.

మా పెద్దలలో ఒకరు ఈ సంగతులన్నీ విని, విసుగుతో, “మనం ముంచినామా వాళ్ళని? టిక్కెట్టు కొంటాం, కూర్చుంటాం, వస్తాం. పడవవాడికి నాలుగు డబ్బులు వస్తాయి. అంతకంటె ఏం చెయ్యమంటావు?” అని నన్ను అడిగినారు. ఈ వాదం తేలికైనది కాదు. నదిమీదికి ఎవరూ పోకపోతే వెదురుబుట్ట కొనేవాడెవడు? దయతో ఇంటిలో కూర్చున్నవాడివల్ల పడవవానికి పూట గడవదు. టిక్కెట్టు ధర్మంగా కొన్నవాడిని నేరస్థుడిని చేయడం అన్యాయం.

అయినా ఈ వాదానికి ఒక దినం అడ్డం వస్తున్నది. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండిపోచమ్మ గుడి దగ్గరనుండి పాపికొండలకు బయలుదేరిన ‘రాయల్ వశిష్ఠ’ అనే పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరి అప్పుడు వరదమీద ఉన్నది. దాదాపు యాభైమంది మరణించినారు. 26మంది బ్రతికినారు. వారిని బ్రతికించినవారు ఎవరు? ఆ ఒడ్డున ఉన్న గిరిజనులు. పడవ ఒరగడం చూచి, తమ చిన్న పడవలను ఆ వరదలోకి త్రోసి, అందినవారిని అందినట్లు లాగినారు. తరువాత నెల దాటిన పిమ్మట, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యంగారి బృందం మునిగిన పడవను ఒడ్డుకు చేర్చింది. పడవ ఎందుకు మునిగింది, ఎవరి అనుమతితో కదిలింది అన్న విచారణ నా విషయం కాదు.

నా విషయం ఇది. ఆ ప్రయాణికులకు ఉన్నది ఒక్క ఆదివారం. వారివద్ద ఉన్న తీరిక అంతే. పొద్దున పోయి సాయంకాలానికి రావాలి. నది తగ్గేవరకు ఒడ్డున రెండు దినాలు కూర్చుందామనడానికి వారికి దినాలు లేవు. తక్కువ తీరికగలవానికి తొందర ఎక్కువ. తొందర ఉన్నచోట నది మాట వినిపించదు. రెండవ సంగతి: వారిని ఒడ్డుకు లాగిన చేతులు, మునగవలసిన ఊళ్ళ చేతులు. ఇతరుల పంటకు, ఇతరుల దీపాలకు తమ ఇళ్ళు ఇచ్చి పోవలసినవారు, ముక్కూ ముఖమూ తెలియని విహారయాత్రికులకోసం ప్రాణాలకు తెగించి నీటిలోకి దిగినారు. వారికి టిక్కెట్టు లెక్క లేదు. ఈ ఋణాన్ని ఏ పద్దులో వ్రాయాలి? “టిక్కెట్టు కొంటాం, కూర్చుంటాం, వస్తాం” అన్న మాట ఆ దినం తరువాత నాకు అంత నిశ్చింతగా వినిపించడం లేదు.

ఇంతకూ గోదావరి దాకా పోనక్కరలేదు. జంషెడ్‌పూర్‌కు వాయవ్యంగా ఎంతో దూరం లేని చాండిల్‌లో సువర్ణరేఖకు కట్టిన ఆనకట్ట ఉన్నది. దాని క్రింద వందకు పైగా గ్రామాలు దెబ్బతిన్నవి. నిర్వాసితులు కొందరు సహకార సంఘంగా ఏర్పడి ఆ జలాశయంలో వలగూళ్ళలో చేపలు పెంచుతున్నారు. విహారానికి వచ్చినవారిని పడవలలో త్రిప్పుతున్నారు. శీతకాలంలో సెలవు దొరికిన దినాన మేముకూడా అక్కడికి పోతాము. పూరీలు, బంగాళాదుంప కూర కట్టుకొని పోయి నీలపు నీళ్ళమీద గంటసేపు తిరిగి వస్తాము. ఒకసారి పడవవాడిని, ఇక్కడ లోతెంత అని అడిగినాను. మీటర్లలో చెప్పలేదు. ఫలానా చింతచెట్టు కొమ్మ ఇంకా అందదు అని జవాబిచ్చినాడు. తన ఊరిమీద తెడ్డు వేస్తూ మమ్ములను వినోదపరచి కూలి తీసుకొంటున్నాడు. ఆ మనిషి ముఖంలో దీనత్వం లేదు. చెట్టు ఎక్కడ ఉన్నదో తెలిసినవాని నిబ్బరం ఉన్నది. మా పడవలో ఆ తరువాత కొంతసేపు ఎవరూ పాడలేదు.

నేను ఆ పడవ ఎక్కకపోయి ఉంటే అతనికి ఋణపడి ఉండేవాడిని కాదా? ఇక్కడనే మన నీతి విచారణ తరచుగా దారి తప్పుతుంది. ఋణం పడవ ఎక్కడంవల్ల పుట్టలేదు. ఇంటిలో కొళాయి త్రిప్పినప్పుడు, దీపం వెలిగించినప్పుడు, పట్టాలమీద నిశ్చింతగా నిద్రపోతూ ప్రయాణం చేసినప్పుడు పుట్టింది. ఈ ఊరు సాక్చీ అనే పల్లె నేలమీద నిలిచింది. ఇక్కడి కొలిములు నది నీరు త్రాగినవి. మూడు తరాల తెలుగువారికి అన్నం పెట్టినవి. ఇంటిలో కూర్చున్నవానికీ ఋణం ఉన్నది. అయితే అప్పుల వాడి ముఖం అతనికి కనిపించదు. పడవ ఎక్కినవానికి కనిపిస్తుంది. అదికూడా పడవ మెల్లగా పోతేనే.

అందుచేత ‘తీరిక’ అనే మాటకు నేను మొదట చెప్పిన అర్థాన్ని తిరగవేయవలసి వస్తున్నది. అన్నీ తీరినవానికే తీరిక అని గదా అన్నాను. ఎవరికి అన్నీ తీరుతాయి? కూడలిలో ఎదురైన అప్పులవాడిని తప్పించుకొని పోయేవాడు ఎప్పుడూ తొందరలోనే ఉంటాడు. నిలిచి మాట్లాడడానికి తీరిక లేదంటాడు. ఎనిమిది గంటల షిఫ్టులో నిలుచున్నవానికి తాను ఎవరికి ఏమి ఈయవలసి ఉన్నదో తలచుకొనే వ్యవధి నిజంగానే ఉండదు. ఆ వ్యవధిని అతనికి ఈయని లోకం, ‘నీకు బాధ్యత లేదు’ అని అతనినే నిందించడం క్రూరం. శ్రామికునికి సెలవు కావాలని పోరాడినవారు దేహానికి విశ్రాంతి కావాలన్నారు. నేను మరొకటి కలుపుతాను. ఇతరుని వంక చూడడానికికూడా సెలవు కావాలి. ఋణం తీరిన తరువాత తీరిక రావడం కాదు. తీరిక దొరికిన తరువాతనే ఋణం అగపడుతుంది. తీరేది లేనిది తరువాతి మాట.

ఇది పెద్ద మాటగా కనబడితే పాఠకులు మన్నించాలి. దీనివల్ల మా కాగితంలో జరిగిన మార్పులు మాత్రం చిన్నవే. వర్షాకాలపు సెలవులను వదులుకొన్నాము. సంక్రాంతి దాటిన తరువాత, నది శాంతంగా ఉండే మాఘమాసానికి ప్రయాణం మార్చినాము. ఒక్కదినపు విహారాన్ని కొట్టివేసి, ఒక్కొక్క దినం కొద్ది దూరమే పోవాలని నిర్ణయించినాము. కట్ట దిగువన ధవళేశ్వరం, గౌతమి వశిష్ఠ చీలే చోటు, కాటన్ కట్టించిన కాలువలు. కట్ట ఎగువన మిగిలి ఉన్న రేవులు. ఊళ్ళు ఖాళీ అయిన చోట, ఆ ఊరివారు ఇప్పుడు ఏ పునరావాస కాలనీలో ఉన్నారో కనుక్కొని అక్కడికికూడా పోవాలని ఒకరు సూచించినారు. దీనిమీద వాదం జరిగింది. “వాళ్ళ ఇళ్ళకు పోయి ఏం చూస్తాం? బొమ్మలకొలువా?” అని మావయ్యగారు అడ్డుపడినారు. ఆయన అభ్యంతరం సరియైనదే. కష్టాన్ని చూడబోవడం మరొకరకపు విహారం. మొదటిదానికంటె హీనమైనదికూడా కావచ్చును. చివరకు ఆయనే మార్గం చెప్పినారు. పడవ సరంగును, తెడ్డు వేసేవారిని ఎగువ ఊళ్ళవారినే పెట్టుకుందాం. బేరం ఆడకుండా, ఒక్కదినపు కూలి కాక పది దినాల కూలి మాట్లాడుకుందాం. వారు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుదాం, ఎవరి ఇంటికి రమ్మంటే వారి ఇంటికి పోదాం, రమ్మనకపోతే పోవద్దు. “ఫర్నేసు దగ్గర కొత్తవాడు పాతవాడి మాట వింటాడు, లేకపోతే కాలతాడు. నీళ్ళ దగ్గరకూడా అంతే” అన్నారు.

ఈ ఏర్పాటుతో అన్నీ సరిపోయినవని నేను అనడం లేదు. పది దినాల కూలితో ఊరు తిరిగి రాదు. పోలవరం కట్టకూడదా, కట్టవలసిందేనా అన్న తగవును సిద్ధగోరా అరుగుమీద కూర్చుని తీర్చలేము. డెల్టా రైతుకు, అనకాపల్లి దాటి నీటికోసం ఎదురుచూచేవానికి తమ న్యాయం తమకున్నది. మా వారిలో ఇద్దరు, ఇంత ఆలోచనతో పోయే దానికి విహారమని పేరెందుకని అలిగి, పూరీకి పోయి సముద్రం చూచి వస్తామన్నారు. వారిని ఆపలేదు. సముద్రంకూడా మంచిదే.

కాగితం ఇప్పుడు పిన్నిగారి దగ్గర ఉన్నది. పది దినాలలో నాలుగు దినాల ఎదుట ఏమీ వ్రాయలేదు. ఆ దినాలు సరంగు ఇష్టం. వంటమనిషి మాట తీసివేసినారు. మిగిలిన ఆరు దినాలలో పూటకు ఇద్దరి చొప్పున పొయ్యి వంతులు వేసి, మగవారి పేర్లుకూడా కలిపి, ఏ షిఫ్టు, బి షిఫ్టు అని పెన్సిలుతో వ్రాసినారు. నాకు రెండవ దినం సాయంకాలం వచ్చింది.